చెరువు పచ్చబడటానికి యూరియా ఒక్కటే కారణమా?

చెరువు నీళ్లు పచ్చగా చిక్కబడి చేపలు తేలడానికి పొలాల్లో చల్లే యూరియానే కారణమా అని అడిగారు కదా. కారణమే, కానీ దాంతోపాటు వేసే, భాస్వరం ఉండే డీఏపీ ఎరువును, ఊరి మురుగును ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

మాది వరంగల్ వైపు, చెరువు కింద మూడెకరాల వరి. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది, అందులో వరికి అందేది మామూలుగా సగం కూడా ఉండదు. మా బాపు నిండా నీళ్లున్న మడిలోనే చల్లేవాడు. కొంత అమ్మోనియా అయి గాలిలో కలిసేది, రెండు రోజులకు గట్టి వాన పడి ఒడ్డు తెగిందంటే మిగిలింది వాగులోకి, అక్కడి నుంచి కింది ఊరి చెరువులోకి పోయేది. మావి గొలుసుకట్టు చెరువులు మరి, పైన పారిన నీళ్లే కింద చేరతాయి.

అయితే మంచినీటి చెరువుల్లో నీళ్లను పచ్చగా మార్చే నాచు ఎంత పెరగాలనేది చాలాసార్లు భాస్వరమే తేలుస్తుంది. అది మట్టికి అంటుకుని వానకు కొట్టుకొస్తుంది, మరుగుదొడ్ల నీళ్లతోనూ వస్తుంది. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తనే పీల్చుకుంటుంది. అందుకే కింది చెరువులో తెల్లవారుజామునే చేపలు నోళ్లు తెరుచుకుని పైకొచ్చేవి. ఒకసారి వరసగా మబ్బు పట్టిన తర్వాత, పొద్దున వెళ్లి చూస్తే ఒడ్డు పొడవునా బొచ్చెలు, రవ్వులు తెల్లగా తేలి ఉన్నాయి. వాటి మీదే బతికే కుటుంబాలు అక్కడే కూలబడ్డాయి, ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను.

పూర్వం ఎండాకాలం చెరువు మట్టి బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు, రాత్రిళ్లు గొర్రెల మంద పెట్టించి గొల్లవాళ్లకు వడ్లు కొలిచేవాళ్లు. పొలం నుంచి పోయింది మళ్లీ పొలానికే చేరేది. ఇప్పుడు బస్తా కొట్టు నుంచి వస్తుంది, చెరువులోకి పోతుంది, తిరిగి రాదు. 2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక మేమూ పూడిక మట్టి ట్రాక్టర్లతో తోలుకున్నాం, ఆ పంటకు ఎకరాకు ఒక బస్తా యూరియా తగ్గించినా పైరు బాగానే వచ్చింది.

మీరూ యూరియా ఒక్కసారే కుమ్మరించకుండా మూడు దఫాలుగా, నీళ్లు తీసేసి బురద పదునులో చల్లండి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టండి. పక్కవాళ్ల పైరు ముదురు పచ్చగా నల్లబారి ఉందని పోటీ పడొద్దు, వరి రసం పీల్చే సుడిదోమ ముందు అలాంటి పైరు మీదే పడుతుంది. గడ్డి కాల్చకండి, అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. వీలైతే నాట్లకు ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి. అన్నిటికంటే ముందు మట్టి పరీక్ష చేయించండి, మా పొలంలో భాస్వరం ఎక్కువుందని వచ్చింది, బాపు మొదట నమ్మలేదు, కానీ రెండు పంటలు డీఏపీ మానేసినా మాకు దిగుబడి తగ్గలేదు.