1990ల దశకం, ముప్పైల్లో వయసు: ఇంగ్లీషులో రాసేదెలా, పలికేదెలా?

మీరడిగినవి రెండు: 1990 తర్వాత ఎస్ పెట్టేటప్పుడు అపాస్ట్రఫీ (పైన పెట్టే ’ గుర్తు) ఉండాలా, వయసును ‘ముప్పైల్లో ఉంది’ అన్నట్టుగా ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

మొదటిది తేలిక. 1990 అంకెలకు ఖాళీ లేకుండా చిన్న ఎస్ తగిలించండి, అంతే. పాత పత్రికల్లో మధ్యన అపాస్ట్రఫీ కనిపిస్తుంది గానీ ఇప్పుడు దాదాపు అన్ని స్టైల్ గైడ్లూ (రాత నియమాల పుస్తకాలు) వద్దంటాయి. అక్కడున్నది బహువచనం: 1990 నుంచి 1999 దాకా పదేళ్లు. ‘1991 నాటి బడ్జెట్’ అనాల్సినచోట మాత్రం 1991 తర్వాత అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎస్ సరైనదే.

నిజానికి మనవాళ్లు ఎక్కువగా జారేది అపాస్ట్రఫీ దగ్గర కాదు, ‘ద’ దగ్గర. ‘ఇన్ నైన్టీన్ నైన్టీస్’ అనేస్తారు. దశకం ముందు ‘ద’ తప్పనిసరి: ‘ఇన్ ద నైన్టీన్ నైన్టీస్’, ‘సిన్స్ ద నైన్టీన్ ఎయిటీస్’. ఒక్క సంవత్సరమైతే అక్కర్లేదు: ‘ఇన్ నైన్టీన్ నైన్టీ వన్’. దశకం మధ్యకాలం చెప్పే ‘మిడ్’కు హైఫన్ ఉంటుంది, ‘ఎర్లీ’, ‘లేట్’లకు ఉండదు.

పొట్టిగా 90 అని రాస్తే, ఎగిరిపోయిన 19 స్థానంలో అపాస్ట్రఫీ ముందు వస్తుంది. దాని ఆకారం చిన్న 9లా ఉండాలి. ఫోన్, వర్డ్ దాన్ని కొటేషన్ మొదలనుకుని 6లా తిప్పేస్తుంటాయి. ముందు ఏదో ఒక అక్షరం కొట్టి, దాని పక్కన అపాస్ట్రఫీ, 90 కొట్టి, ఆ అక్షరం చెరిపేయండి, సరిగ్గా కూర్చుంటుంది. అక్షరాల్లో రాస్తే నైన్టీలోని చివరి వై పోయి ఐఈఎస్ వస్తుంది. ఫార్టీలో యూ లేదు, ఫోర్టీన్‌లో ఉంది.

2000ల సంగతి ఇంగ్లీషువాళ్లకే తేలలేదు. ‘టూ థౌజండ్స్’ అంటే పదేళ్లా, శతాబ్దమంతానా తెలియదు. బ్రిటన్‌లో ‘నాటీస్’ అంటారు. అనుమానం ఉంటే ‘2000 నుంచి 2009 వరకు’ అని విడమరచి రాయడమే మేలు. తర్వాతివి ‘ట్వెంటీ టెన్స్’, ‘ట్వెంటీ ట్వెంటీస్’.

వయసుకు వస్తే ‘ద’ పోయి హిజ్, హర్, మై వస్తాయి: ‘షీ ఈజ్ ఇన్ హర్ థర్టీస్’, అంటే 30 నుంచి 39 దాకా. ‘ఇన్ ద థర్టీస్’ అంటే 1930లు అనుకుంటారు! టీన్స్ మాత్రం 13 నుంచి 19 దాకానే. పదకొండేళ్ల పిల్లవాడు ఆ లెక్కలోకి రాడు.

‘ఐ యామ్ 25 ఇయర్స్’ అని ఆపకండి. ‘ఐ యామ్ 25’ చాలు, లేదా ‘ఇయర్స్’ తర్వాత ‘ఓల్డ్’ చేర్చండి: ‘ఐ యామ్ 25 ఇయర్స్ ఓల్డ్’. నామవాచకం ముందు వస్తే ఎస్ పోతుంది, హైఫన్లు వస్తాయి: ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’. ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ తప్పు. ఐదేళ్ల పిల్లలు చాలామంది అయితే ఎస్ చివరికి చేరుతుంది: ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్స్’.

‘థర్టీ రన్నింగ్’ అన్న మాట మన దగ్గర చెల్లుతుంది, బయట అర్థం కాదు. ముప్పయ్యో ఏడు నడుస్తోందంటే నిండినవి 29. అలాంటప్పుడు ‘ఐ యామ్ 29’ అనండి, పుట్టినరోజు దగ్గరపడితే ‘టర్నింగ్ 30’ అని కలపండి. దరఖాస్తుల్లో అడిగేది నిండిన ఏళ్లే. అక్కడ ఒకటి ఎక్కువ వేస్తే పుట్టిన తేదీతో పొసగదు.

ఇక ఉచ్చారణ. 13, 30 తేడా ఎక్కువగా ఊనికలో ఉంది: థర్టీన్‌లో రెండో ముక్కను నొక్కి సాగదీయాలి, థర్టీలో మొదటిదాన్ని నొక్కి రెండోదాన్ని పొట్టిగా వదిలేయాలి. ఫోన్‌లో వయసు చెప్పేటప్పుడు ఇంకా సందేహముంటే ‘త్రీ జీరో’ అని అంకెలు విడిగా చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు.