నాయనమ్మ తిత్తిలోని రూపాయలు

చిరంజీవి వంశీకి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. ఆ గుడ్డ తిత్తి నాకు బాగా గుర్తు. మీ నాయనమ్మ దాన్ని ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీరల కింద దాచేది. "ఎంత వస్తుంది పెదనాన్నా?" అని అడిగావు. ధర సంగతి తర్వాత, ముందు ఆ నాణేలను కడగొద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏదీ తగలనివ్వకు. పొడి గుడ్డతో కూడా రుద్దకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నీ వయసులో నేను చేసింది అదే. నల్లగా, అంచుల్లో నీలంగా ఉన్న విక్టోరియా రాణి రూపాయిని చింతపండు, బూడిద వేసి తళతళలాడేలా తోమాను. పాత నాణేలు కొనే ఆయన దాన్ని బల్బు కింద ఒక్కసారి తిప్పి, "కడిగారా?" అన్నాడు. వెండి ధరే ఇచ్చాడు. టంకశాల నుంచి వచ్చిన నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే, మెరుపు చక్రంలా తిరుగుతుంది. తోమితే సన్నటి గీతలు పడి అది పోతుంది, ఇక రాదు. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపే సేకరించేవాళ్లకు ఇష్టం.

నాణేన్ని అంచులు పట్టుకుని, ఒకే దీపం వెలుగులో, భూతద్దంతో చూడు. బొమ్మలో ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. రాణి నాణేల్లో చెంప, చెవి పైనున్న జుట్టు. ఐదో జార్జి నాణేల్లో చెవి, మీసం, కిరీటం. అక్కడ గీతలు విడివిడిగా కనిపిస్తే మంచి నాణెం, నున్నగా కలిసిపోతే బాగా తిరిగినది. వ్యాపారులు ఫైన్, వీఎఫ్ (వెరీ ఫైన్), ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్), యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అని మెట్లు చెబుతారు. "ఫైన్" అనగానే మురిసిపోకు, అది బాగా అరిగినదానికి పెట్టిన పేరు! అసలు వాడకంలోకి రానిదే యూఎన్‌సీ. ఒకే ఏడాది రూపాయి ఈ మెట్లను బట్టి ఎన్నో రెట్లు తేడాగా పలుకుతుంది.

నీ మూడో ఫొటోలో తల పైన అతుకు మచ్చ ఉంది, చూశావా? ఎవరో గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసేశారు. అలాంటిదానికి, నాణేలు పరీక్షించే సరాబు తన గుర్తు కొట్టినదానికీ విలువ పడిపోతుంది. నాకు మాత్రం అదే ఇష్టం. ఎవరి మెడలో ఉండేదో!

పాతది కాబట్టి ఖరీదైనదని అనుకోకు. శాతవాహనుల నాణేలు రెండు వేల ఏళ్లనాటివైనా, మామూలువి వందల రూపాయలకే దొరుకుతాయి. 1918 రూపాయలు కోట్ల కొద్దీ కొట్టారు. 1862 అని ఉన్నవాటిలో చుక్కలు లెక్కపెట్టు. ఆ తేదీతోనే 1874 దాకా కొట్టారు, చుక్కలను బట్టి రకం, రకాన్ని బట్టి ధర మారుతుంది. నువ్వు పంపినవాటిలో 1911ది ఒకటుంది. ఆ ఏడాది రాజు అంగీ మీదున్న ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవైంది. చాలావరకు కరిగించేశారు, 1912 నుంచి బొమ్మ మార్చారు. నాకు ఆశ దానిమీదే.

అసలుదో నకిలీదో తేల్చడానికి తూకం వెయ్యి. 1939 దాకా బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అందులో సుమారు 10.7 శుద్ధ వెండి. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. 1947ది అయస్కాంతానికి అంటుకుంటే కంగారుపడకు, అది నికెల్. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి, బరువు కాస్త తక్కువ, నకిలీ అనుకోవద్దు. సీతారాములు, హనుమంతుడు ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ బిళ్లను మాత్రం పూజలో పెట్టుకో. కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు.

ఈ కాయిన్‌కి పది లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండని ఫోన్ వస్తే పెట్టేయ్. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. మీ అక్క కొన్నింటిని డల్లాస్ తీసుకెళ్తానందట కదా? నూరేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. ఆ మాట దానికి నువ్వే చెప్పు, నేను చెబితే అలుగుతుంది.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. ప్రస్తుతానికి ఒక్కోదాన్ని విడిగా చిన్న కాగితం కవర్లో పెట్టు. 1911 రూపాయిలో ఆ ఏనుగు స్పష్టంగా కనిపించేలా ఇంకో ఫొటో తీసి, బరువు కూడా రాసి పంపు. ఈలోగా మీ అమ్మ దసరాకి ఇత్తడి సామాన్లు తోమేటప్పుడు, ఆ తిత్తి ఆవిడ కంటపడకుండా చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న