నాసిక్ సీసా బోర్డో పక్కన నిలబడుతుందా?

ప్రశ్న: నా పదవీ విరమణ విందుకని నాసిక్ ఎర్ర వైన్ కొని ఉంచాను. ఫ్రాన్స్ వెళ్లొచ్చిన మా అల్లుడు ఒక బోర్డో సీసా తెచ్చాడు. నాది చూసి, "పేరులేని చోట గొప్ప వైన్ పుట్టదు మామయ్యా" అన్నాడు. కొత్త ప్రాంతాలు నిజంగా పాతవాటితో సాటి రాలేవా?
(ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: వస్తాయండీ. వచ్చాయి, గెలిచాయి కూడా. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి, ఏది ఏ సీసాలోదో తెలియకుండా తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణుల చేత రుచి చూపించి మార్కులు వేయించాడు. ఒకవైపు ఫ్రాన్స్‌లో పేరుమోసిన బోర్డో, బర్గండీ ప్రాంతాల హేమాహేమీలు. ఇంకోవైపు, యూరప్‌లో అప్పటికి పెద్దగా ఎవరూ లెక్కచేయని కాలిఫోర్నియా. తెల్లవాటిలో షాతో మాంటెలీనా 1973, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973 మొదట నిలిచాయి (పేరు పక్కన అంకె ద్రాక్ష పండిన ఏడాది). రెండూ కాలిఫోర్నియావే. ఎర్రవాటిలో బోర్డోకి చెందిన మూతాన్ రోత్‌షీల్డ్ 1970 అంతటిది రెండోదయింది.

అప్పుడు ఫ్రెంచివాళ్లు ఒక అభ్యంతరం చెప్పారు. ఇవి లేత వయసులోనే బాగుంటాయి, ఏళ్లు గడిచాక నిలిచేవి మావేనని. అది న్యాయమైన అభ్యంతరమే, ఎందుకంటే గొప్ప వైన్‌కి అసలు పరీక్ష వయసే. అందుకే 1976 కన్నా 2006 ఫలితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ముప్ఫై ఏళ్ల తర్వాత అవే ఎర్ర వైన్లను మళ్లీ రుచి చూస్తే రిడ్జ్ మాంటె బెల్లో 1971 మొదట వచ్చింది. మొదటి ఐదూ కాలిఫోర్నియావే. ముసలితనంలో కూడా అవే నెగ్గాయన్నమాట.

దానికి ముందే, 2004లో, బెర్లిన్‌లో అలాంటి పోటీయే జరిగితే చిలీ నుంచి వచ్చిన విన్యేదో చాడ్విక్ 2000, సేన్యా 2001 మొదటి రెండు స్థానాలూ తీసుకున్నాయి. బోర్డో హేమాహేమీ లఫీత్ 2000 మూడోది. 2011లో చైనాలోని నింగ్‌షియా నుంచి జియా బెయ్ లాన్ 2009 అనే ఎర్ర వైన్ డికాంటర్ పత్రిక పోటీల్లో అంతర్జాతీయ ట్రోఫీ గెలిచింది. చలికాలంలో తీగలు గడ్డకట్టి చావకుండా ప్రతి ఏడాదీ వాటిని వంచి మట్టిలో పూడ్చి, వసంతంలో మళ్లీ తవ్వి పైకి లేపే చోటది. ఆ రైతుల కష్టం తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మీ అల్లుడుగారి మాటలోనూ కొంత నిజముంది. బర్గండీలో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులు శతాబ్దాల పాటు ఏ పొలం ముక్కలో పండిన ద్రాక్ష ఎలా ఉంటుందో గమనిస్తూ వచ్చారు. బోర్డోలో 1855లో వైన్ తోటలకి చేసిన తరగతుల వర్గీకరణ నేటికీ దాదాపు అలాగే ఉంది. మొదటి తరగతిలోకి తర్వాత ఎక్కింది మూతాన్ ఒక్కటే, అదీ 1973లో. కొత్తచోట్ల ఒక సీసా గెలవచ్చు, ఒక తోట గెలవచ్చు. కానీ ఒక ప్రాంతమంతా మంచి ఏడాదీ చెడ్డ ఏడాదీ అన్న తేడా లేకుండా మాట నిలబెట్టుకోవడానికి తరాలు పడుతుంది. ధరలో మీరు కట్టేది చాలావరకు ఆ నమ్మకానికే.

ఇక నాసిక్ సంగతి. అక్కడి పేరున్న వైన్ సంస్థ సులా తొలి వైన్లు వచ్చింది 2000లో. అంటే ఒక్క తరం కూడా సరిగా పూర్తవలేదు. పైగా మన ఎండల్లో ద్రాక్షతీగకి శీతాకాలపు నిద్ర ఉండదు. అందుకే ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరోసారి కత్తిరించి, రాత్రులు చల్లగా ఉండే నెలల్లో కాయ పండేలా చూస్తారు. కోత జనవరి నుంచి మార్చి లోపల. బోర్డోలో కోతకొచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఇంత వేరైన పద్ధతిలో పండిన కాయ అదే రుచి ఇవ్వాలని కోరడమే తప్పు. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో వైన్ వడ్డిస్తూ ఏళ్లు గడిపిన నా నాలుకకి తెలిసింది ఇది: నాసిక్ తెల్లవి, ముఖ్యంగా షెనాఁ బ్లాఁ, సోవిన్యోఁ బ్లాఁ అనే ద్రాక్ష రకాలతో చేసినవి, అదే ధరలో దొరికే విదేశీ సీసాల పక్కన ధైర్యంగా పెట్టొచ్చు. ఎర్రవాటిలో మంచివి ఉన్నాయి గానీ చాలావాటిలో వైన్ నిల్వచేసే ఓక్ పీపాల చెక్క వాసన పండుని మింగేస్తోంది. పెద్ద బోర్డోకి సాటి వచ్చే ఎర్ర సీసా నాసిక్ నుంచి ఇంకా నేను రుచి చూడలేదు. వస్తుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నమ్మకానికి మన పక్కనే ఆధారముంది. మంచి కాఫీ అనగానే కూర్గు, చిక్కమగళూరు అనుకునేవాళ్లం కదా. అరకు గిరిజన రైతులు పండిన పళ్లనే ఏరి, శ్రద్ధగా శుద్ధిచేయడం మొదలుపెట్టాక అరకు కాఫీ 2018లో పారిస్‌లో బంగారు పతకం గెలుచుకుంది. మరుసటి ఏడాది అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది. కొండలు ఎప్పటివో. మారింది పని.

విందులో రెండు సీసాలకీ న్యూస్‌పేపర్ చుట్టి, ఒకేరకం గ్లాసుల్లో పోయించండి. తర్వాతే పేర్లు చెప్పండి. ఒక జాగ్రత్త: ఎర్ర వైన్‌ని గది వేడిమి దగ్గర తాగాలంటారే, అది చల్లటి యూరప్ ఇళ్లకి. మన గదిలో 30 డిగ్రీలుంటాయి, ఆ వేడిలో వైన్ సారా వాసన కొడుతుంది. వడ్డించే ముందు రెండింటినీ ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్రశ్న: వంజరం వేపుడుతో ఎర్ర వైన్ తాగితే నోరంతా మండి, చివర్లో ఇనుము నాకినట్టనిపించింది. సీసా చెడిపోయిందా?
(ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: సీసా చెడిపోకపోయినా అలా అవుతుందమ్మా. ఎర్ర వైన్‌లో ఉండే కొద్దిపాటి ఇనుము చేపలోని కొవ్వుతో కలిస్తే ఆ నీచు, ఆ లోహపు రుచి పుడతాయి. వైన్‌లోని వగరు, ఆల్కహాలు కారాన్ని ఇంకా రేపుతాయి. మన వేపుళ్లకి, రొయ్యల ఇగురుకి కాస్త తీపి ఉన్న షెనాఁ బ్లాఁ బాగా చల్లబరిచి తాగండి. కొనేటప్పుడు ఏసీ ఉన్న షాపు చూసుకోండి. కార్కు సీసా మూతి పైకి పొడుచుకొచ్చినా, దాని చుట్టూ జిగురు మరకలున్నా ఎండకి ఉడికిపోయిందని అర్థం. అది ఎంత పేరున్న ప్రాంతానిదైనా తిరిగి ఇచ్చేయండి.