డ్రైవ్ పెట్టాక మోటార్ ఎందుకు కాలుతోంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. 20 హెచ్‌పీ బ్లోయర్ మోటార్‌కు డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టించాం. ప్యానెల్ గది నుంచి మోటార్ దాకా కేబుల్ 80 మీటర్లు. ఒక్క సీజన్లోనే రెండుసార్లు రీవైండింగ్ చేయించాం. కరెంట్ ఎక్కువైతే మోటార్‌ను ఆపే ఓవర్‌లోడ్ రిలే ఒక్కసారీ ట్రిప్ కాలేదు. చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన తీగచుట్ట) పెట్టమంటున్నారు. అవసరమా? ఏది కొనాలి?

జవాబు: ముందు వైండర్ విప్పిన కాయిల్ చూడండి. లోడ్ ఎక్కువై కాలితే మూడు ఫేజులూ ఒకేలా నల్లబడతాయి. సప్లైలో ఒక ఫేజు పోతే స్టార్ కనెక్షన్ మోటార్లో రెండు ఫేజుల కాయిల్స్, డెల్టా కనెక్షన్‌లో ఒకటి మాడతాయి. అలా కాకుండా తీగంతా కొత్తదానిలా మెరుస్తూ, లీడ్ వైరు తగిలే మొదటి చుట్లలో మాత్రం చిన్న నల్లమచ్చ, అక్కడే కరిగిన రాగి కనిపిస్తే అది డ్రైవ్ వోల్టేజ్ దెబ్బే. ఓవర్‌లోడ్ ట్రిప్ కాలేదంటున్నారు కాబట్టి నా అనుమానం కూడా దీని మీదే.

415 వోల్టుల సప్లైని డ్రైవ్ దాదాపు 585 వోల్టుల డీసీగా మార్చి, పల్సులుగా కోసి పంపుతుంది. ఒక్కో పల్సు మైక్రోసెకనులో పదో వంతులోనే పైకి లేస్తుంది. పొడవాటి కేబుల్ చివర మోటార్‌ను తాకి వెనక్కి మళ్లేటప్పుడు అక్కడ వోల్టేజ్ దాదాపు రెట్టింపై 1170 దాకా పోతుంది. ఆ దెబ్బలో ఎక్కువ భాగం మొదటి చుట్ల మీదే పడుతుంది. కరెంట్ పెరగదు గనుక రిలేకు తెలియదు.

కాబట్టి ఈ దెబ్బను తగ్గించే చోక్ అవసరమే. దుకాణంలో "ఔట్‌పుట్ చోక్" అని నొక్కి అడగండి. సప్లై వైపు పెట్టే లైన్ చోక్ ఇక్కడ వాడితే వేడెక్కి పాడవుతుంది. మీ మోటార్ దాదాపు 28 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక 3 శాతం (పూర్తి లోడ్‌లో చోక్ మీద పడే వోల్టేజ్ వాటా), 35 ఆంపియర్లు, సుమారు 0.8 మిల్లీహెన్రీ ఉన్న త్రీఫేజ్ చోక్ సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ శాతం వద్దు, మోటార్‌కు అందే వోల్టేజ్ పడిపోయి టార్క్ తగ్గుతుంది.

దాన్ని డ్రైవ్ పక్కనే, యు, వి, డబ్ల్యు టెర్మినళ్ల తర్వాత బిగించాలి. బాగా వేడెక్కుతుంది, గుయ్‌మంటుంది కూడా. తవుడు, ఊకదుమ్ము పేరుకోని, గాలాడే చోటు చూడండి. డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని పల్సులు కోస్తుందన్న సెట్టింగ్) 4 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. మోటార్ కూత కాస్త పెరుగుతుంది, ఫర్వాలేదు.

ఒక హెచ్చరిక. సప్లై ఆపాక కనీసం పది నిమిషాలు ఆగి, డీసీ టెర్మినళ్లలో వోల్టేజ్ లేదని మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) కొట్టాలంటే మోటార్ వైర్లు డ్రైవ్ నుంచి పూర్తిగా విప్పాలి. విప్పకుండా కొడితే డ్రైవ్ పోతుంది.

ప్రశ్న: దేవరకొండ దగ్గర బోరులో డ్రైవ్‌తో నడిచే మోటార్ 600 అడుగుల లోతున ఉంది. దీనికీ ఇదే చోక్ చాలా?

జవాబు: చాలదు. 600 అడుగులంటే 180 మీటర్లకు పైనే. ఇంత పొడవుకు సైన్ ఫిల్టర్ (పల్సులను మామూలు సప్లైలాంటి నున్నటి అలగా మార్చేది) పెట్టండి. ఆ ఫిల్టర్ మీద రాసిన కనీస క్యారియర్ ఫ్రీక్వెన్సీ కన్నా డ్రైవ్‌ను కిందికి దించొద్దు. పాత స్టార్టర్ కెపాసిటర్లు డ్రైవ్‌కూ మోటార్‌కూ మధ్య ఉంటే తీసేయండి. మోటార్‌ను 30 హెర్ట్జ్ కన్నా తక్కువలో నడపొద్దు. స్టార్ట్ చేసిన సెకనులోపే 30 దాటేలా సెట్ చేయండి. అంతకన్నా నెమ్మదిగా తిరిగితే పంపు బరువు మోసే థ్రస్ట్ బేరింగ్‌లో నీటి పొర నిలవక ప్యాడ్లు అరిగిపోతాయి.