రెండేళ్ల పిలగాడితో ఫిల్మ్ సిటీకి పోయే ముందు

బిడ్డా,

డిసెంబరు సెలవుల్లో చిన్నోణ్ని తీసుకుని మీరంతా రామోజీ ఫిల్మ్ సిటీకి వస్తున్నారని, అల్లుడు మాత్రం వండర్‌లా అంటున్నాడని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు ఆ పంచాయితీ తెంపుతా. రెండేళ్ల పిల్లలు 85 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటారు. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో పెద్ద రైడ్లన్నీ ఎత్తు చూసి ఎక్కించేవే. అల్లుడు పైన తలకిందులవుతుంటే నువ్వు కింద పిలగాణ్ని చంకనేసుకుని బ్యాగులకు కాపలా కాయాలి. ఇక నీళ్ల ఆటలంటావా, చలికాలంలో తడిస్తే పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే తొందరగా చల్లబడుతుంది, పెదాలు నీలంగా అయి వణుకుతారు. ఏడెనిమిదేళ్లు వచ్చాక వాడే మిమ్మల్ని అక్కడికి గుంజుకుపోతాడు. ఇప్పటికి ఫిల్మ్ సిటీయే నయం. మీ అత్తమ్మ, మామయ్యలు కూడా కూర్చుని చూడదగ్గవి అక్కడే ఎక్కువ.

ఇంకో సుఖం ఉంది. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లు హైదరాబాద్ ఊళ్లోకి రానక్కర్లేదు. విజయవాడ రోడ్డు మీదే, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, పెద్ద అంబర్‌పేట రాకముందే తగులుతుంది. ఒక్కటే చూసుకో, సంక్రాంతి దగ్గర పెట్టుకోకు. ఆ రోజుల్లో చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు సంగతి నీకు తెలిసిందే. కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడి ఉంటే, వెనక సీట్లో రెండేళ్లోణ్ని ఆపడం ఎవరి తరం?

ఇప్పుడు అసలు మాట. అందరికీ టికెట్లు కొంటే వేలల్లో అవుతుంది. అంత పెట్టాక ప్రతి ఒక్కటీ చూసి పైసా వసూలు చేసుకోవాలనిపిస్తుంది. ఆ పట్టుదలను ఇంటి దగ్గరే వదిలేసి రా. ఆ జాగా చిన్నది కాదు. 1996లో మొదలైంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్న లెక్క 1,666 ఎకరాలు. పెద్దవాళ్లకే ఒక రోజులో తెమలదు. చిన్నోడితో పోయినప్పుడు మూడంటే మూడు పెట్టుకో: పిల్లలు ఆడుకునే ఫండుస్తాన్, సినిమా సెట్లన్నీ తిప్పి చూపించే ఎర్ర బస్సు, పక్షులు-సీతాకోకచిలుకలు. నాలుగోది కుదిరితే కుదిరింది. పొద్దుగూకే దాకా ఉండి లైట్లు చూడాలని, రాత్రి సంబరాలు చూడాలని ఎవరన్నా అంటే ఊఁ కొట్టకు. అందరూ ఒక్కసారే బయటికి పోయే బస్సుల కోసం వరుస కడతారు. నిద్రకు ఏడ్చే పిలగాడితో ఆ వరుసలో నిలబడ్డప్పుడు, మొగుడూపెళ్లాలు పొద్దుటి నుంచి మింగిన మాటలన్నీ బయటికొస్తాయి.

వరుసక్రమం విషయంలో మాత్రం నా మాట విను. గేటు దగ్గర దిగి, లోపలి బస్సెక్కి, అది దించే యురేకా అనే చోటుకు చేరగానే అందరూ ఎర్ర బస్సుల వైపు ఉరుకుతారు, సెట్లు ముందు చూసేయాలని. మీరు ఉరకొద్దు. పొద్దున్నే పిల్లల ఒంట్లో ఓపిక ఉంటుంది, ఎండ ఉండదు, ఫండుస్తాన్‌లో జనం ఉండరు. నేరుగా అక్కడికి నడవండి. రెండేళ్లోడికి గుండ్రంగా తిరిగేవి, మెల్లగా కదిలేవి చాలు. ఒకే బొమ్మగుర్రం మీద నాలుగుసార్లు ఎక్కుతానంటే ఎక్కనివ్వు. 'ఇది అయింది కదా, పక్కది చూద్దాం పా' అని లాగకు. పక్కది వాడికి అక్కర్లేదు. ఒక్కోసారి ఆ గుర్రం కూడా అక్కర్లేదు, నేలమీద పాకే చీమల బారు దగ్గర కూలబడి లేవడు. మీ మామయ్య 'ఇంత ఖర్చు పెట్టింది చీమలు చూడడానికా' అంటాడు. అననివ్వు. పది నిమిషాలు నువ్వూ వాడి పక్కన కూర్చో.

పదకొండున్నరకల్లా అన్నం తినిపించెయ్. అప్పుడు ఎక్కు ఎర్ర బస్సు. వాడి మధ్యాహ్నం నిద్ర ఆ బస్సులోనే. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రాత్రిదీ పగలుదీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పగటి నిద్ర ఒక్కటి పోయిందంటే సాయంత్రం అందరి ప్రాణం తీస్తారు. బస్సు మెల్లగా ఊగుతూ పోతుంటుంది, గైడు చెప్పుకుంటూ పోతాడు, గాలి తగులుతుంది, కడుపు నిండి ఉంటుంది. వాడు నీ ఒళ్లో ఒరుగుతాడు, మీరు రైల్వే స్టేషను సెట్టు, హవామహల్, విమానాశ్రయం సెట్టు తీరిగ్గా చూసుకోండి. ఎండ పడని వైపు సీటు పట్టుకో, పైన పల్చటి నూలు తువ్వాలు కప్పు. మొహం మీద మాత్రం కప్పకు. మధ్యలో ఎక్కడన్నా దిగాలంటే ఇద్దరిద్దరు దిగి చూసి రండి, పిలగాణ్ని లేపకండి. బాహుబలి సెట్టు దగ్గర అల్లుడికి ఫోటోలు కావాలి కదా, బస్సు దిగి తీసుకుని వచ్చెయ్యమను.

వాడు లేచాక పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట. అక్కడ తొందరపెట్టకు. ఈ వయసుకు ఫిల్మ్ సిటీ మొత్తంలో మంచివి అవే అని నా అభిప్రాయం. సినిమా సెట్టు వాడికి ఒట్టి గోడ. పక్షి కదులుతుంది, అరుస్తుంది, వాడివైపు తిరిగి చూస్తుంది.

వదిలేయాల్సినవి కూడా చెప్తా. బోరాసురా అని చీకట్లో భయపెట్టే గుహ ఉంది, దాని గుమ్మం దగ్గరికి కూడా వాణ్ని తీసుకుపోకు. భూకంపం వచ్చినట్టు కుదిపే రామోజీ టవర్ కూడా వద్దు. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకులు పేలతాయి, మంటలు లేస్తాయి. మీ మామయ్య చూస్తానంటే చూడనీ, నువ్వు పిలగాడితో దూరంగా ఉండు. వేషాలు వేసుకున్నవాళ్లు పిల్లల దగ్గరికి వచ్చి చెయ్యి చాపుతారు. రెండేళ్ల వయసులో మొహం కదలని పెద్ద తలకాయను చూస్తే పిల్లలు బెదురుతారు, అది పిరికితనం కాదు. ఫోటో కోసం బలవంతంగా ఎత్తి వాళ్ల చేతుల్లో పెట్టకు. నవ్వొద్దని మిగతావాళ్లకు కూడా ముందే చెప్పు.

ఇంక తిండి. పెద్దవాళ్లు లోపల తినొచ్చు, హోటళ్లు ఉన్నాయి. టిఫిన్ క్యారియర్లు మోసుకొచ్చి గేటు దగ్గర పేచీ పెట్టుకోకండి. సర్వపిండి కారులోనే తినేసి దిగండి. పిలగాడిది మాత్రం విడిగా చిన్న డబ్బాలో తెచ్చి, అడిగితే చూపించు. పెరుగన్నం కలిపి తేకు, పదకొండింటికల్లా పులుస్తుంది. తెల్లవారుజామున మెత్తగా ఉడికిన వేడన్నాన్ని గరిటెతో మెదిపి, కాచిన పాలు జారుగా పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు, చిటికెడు ఉప్పు వేసి మూతపెట్టు. దారిలో అదే తోడుకుంటుంది. తినేవేళకు కమ్మగా ఉంటుంది, పులుపు ఉండదు. అన్నం గట్టిపడుతుంది కాబట్టి పాలు నీకు ఎక్కువనిపించేంత పొయ్యి. దానికి తోడు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు.

ఉద్యోగమంతా పిల్లల వార్డులో చేసినదాన్ని, ఒకటి గట్టిగా చెప్తున్నా. పల్లీలు, పుట్నాలు, పాప్‌కార్న్, ద్రాక్షపండ్లు వాడి చేతికి రానివ్వకు. ఉరుకుతూ నవ్వుతూ తింటే పల్లీ గింజ గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటి పిల్లల్ని ఆపరేషన్ థియేటర్‌లో మత్తిచ్చి, గొట్టం వేసి గింజ తీసిన రోజులు నాకు గుర్తే. ద్రాక్ష పెట్టాల్సి వస్తే నిలువుగా నాలుగు ముక్కలు చెయ్, కూర్చోబెట్టి పెట్టు. తాతలకు జేబులో పల్లీలు పెట్టుకునే అలవాటుంటుంది, మీ మామయ్యకు నా పేరు చెప్పి చెప్పు.

నీళ్లు కాచి చల్లార్చినవి ఇంటి నుంచే తెచ్చుకో. కారులో మజ్జిగ ఉంటే మరీ మంచిది. చెమట పట్టినంత మాత్రాన ఓఆర్ఎస్ తాగించకు. వాంతులో విరేచనాలో అయితేనే అది. ప్యాకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకో, పైన డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. లీటరు నీళ్లకు కలిపేదైతే లీటరుకే మొత్తం ప్యాకెట్ కలుపు, సగం ప్యాకెట్ గ్లాసులో వెయ్యకు. కలిపింది ఒక్కరోజే, మిగిలితే పారబొయ్. రుచిగా ఉండే డబ్బా పానీయాలను దాని బదులు కొనకు, వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో తిండి పదార్థాల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదన్నారు. అయినా అంగట్లో అడిగితే ఏదిస్తారో, ఇంటి నుంచి తెచ్చుకుంటే నిశ్చింత.

చిన్నోడు ఆరుగంటలు దాటినా ఒంటికి పోయకపోతే, నాలుక ఎండితే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే ఇంక పార్కు సంగతి ఆలోచించొద్దు, డాక్టరు దగ్గరికి పదండి. అవసరమైతే 108. కారులో ఒక్క నిమిషమైనా ఒంటరిగా ఉంచొద్దు, నీడలో నిలిపినా సరే.

తప్పిపోవడం గురించి మీ అమ్మ చాలా భయపడుతోంది. భయం అబద్ధం కాదు, కానీ దానికి చేసేది ఉంది. వాడికి ముదురు నారింజ రంగు చొక్కా వెయ్, పసుపైనా సరే. దిగగానే నిలువెత్తు ఫోటో ఒకటి తీసుకో, ఆ రోజు ఏం వేసుకున్నాడో నువ్వు తడుముకోనక్కర్లేదు. నీ ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాయి, చొక్కా లోపల ఒక ముక్క మీద రాసి కుట్టు. పేరు మాత్రం పైకి కనపడేలా రాయకు, పేరు పెట్టి పిలిచినవాళ్ల వెంట పోతారు పిల్లలు.

అన్నిటికంటే ముఖ్యం ఎవరి చేతిలో ఉన్నాడన్నది. ఒకడు ఫోటోలు తీస్తుంటాడు, ఒకరు టికెట్లు చూస్తుంటారు, నువ్వు అత్తమ్మ దగ్గర ఉన్నాడనుకుంటావు, అత్తమ్మ నీ దగ్గర ఉన్నాడనుకుంటుంది. వార్డులో డ్యూటీ మారేటప్పుడు మేం నోటితో చెప్పి అప్పగిస్తాం: 'ఏడో నంబరు మంచం నీది' అని, అవతలివాళ్లు 'సరే, నాది' అన్నాకే బయటికి పోతాం. మీరూ అంతే చెయ్యండి. 'చిన్నోణ్ని నీకు అప్పగిస్తున్నా', 'సరే అత్తమ్మా, నేను పట్టుకున్నా'. మొదట్లో అల్లుడు నవ్వుతాడు, గంటకు అలవాటవుతుంది.

పిలగాణ్ని కూర్చోబెట్టే తోపుడు బండి తేవాలా అని అడిగావట. గొడుగులా మడిచేది ఉంటే తెచ్చుకో, పెద్దది తేకు. బస్సు ఎక్కి దిగినప్పుడల్లా మడవాలి, మెట్లున్న చోట ఎత్తాలి. మొత్తం మీద చంకే దిక్కు. అందుకే నువ్వు చీర కట్టుకు రాకు, బూట్లు వేసుకో. డైపర్లు గంటకొకటి మార్చక్కర్లేదు గానీ మూడు గంటలు దాటనివ్వకు. బట్టలు రెండు జతలు పెట్టు, ఒక జత నీది కూడా.

రెండున్నరకు బయటికి నడవడం మొదలుపెడితే మూడున్నరకు కారెక్కుతారు. చిట్యాల దాటేలోపే నిద్రపోతాడు, సూర్యాపేటలో దిగేదాకా లేపకు.

తారీఖు ఖాయం కాగానే ఫోన్ చెయ్. నేను హయత్‌నగర్ నుంచి నేరుగా గేటు దగ్గరికి వస్తా, మీరు లోపలికి పోయేదాకా ఉంటా. నా టికెట్ గురించి అల్లుణ్ని కొట్లాడొద్దను, నాకు లోపలికి రావాలని లేదు. చిన్నోణ్ని ఒకసారి ఎత్తుకుని చూసి, మీ అత్తమ్మకు షుగర్ మాత్రలు తెచ్చుకుందో లేదో అడిగి వెనక్కి వచ్చేస్తా.

మీ పెద్దమ్మ