నాజిళ్లు మార్చే ముందు గాలి సంగతి చూడు

వరంగల్, ఆటోనగర్

చిరంజీవి అల్లునికి,

నువ్వు పంపిన వీడియో చూశాను. చేతి టెస్టర్ మీద పెట్టిన నాజిల్ నుంచి, అదే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే కొన నుంచి, ధారలన్నీ ఒకే తీరుగా వస్తున్నాయి, కొనన చుక్క నిలవట్లేదు. అయినా లోడుతో క్వారీ ర్యాంపు ఎక్కేటప్పుడు టిప్పర్ నల్లపొగ కక్కుతోందనీ, మీ సూపర్‌వైజర్ నాజిళ్లన్నీ మార్చేయమంటున్నాడనీ రాశావు. ఇప్పుడే మార్చకు. నాజిల్ బాగానే ఉన్నా స్ప్రే చెడిపోవచ్చు. స్ప్రేలో సగం పని డీజిల్‌ది, సగం గాలిది.

టెస్టర్ మీద నువ్వు చూసింది మామూలు గాలిలోకి కొట్టిన స్ప్రే. ఇంజన్‌లో అట్లా ఉండదు. లోడు మీదున్న టర్బో ఇంజన్‌లో, అంటే గాలిని నొక్కి లోపలికి తోసే ఇంజన్‌లో, పిస్టన్ పైకొచ్చేసరికి లోపలి గాలి బయటి గాలికన్నా దాదాపు 20 రెట్లు చిక్కబడుతుంది, వేడి 600 డిగ్రీలు దాటుతుంది. మేడారం జాతరలో గద్దెల దగ్గర జనంలోకి ఉరికితే ఏమవుతుంది? నాలుగడుగులు జోరుగా పోతావు, తర్వాత పక్కవాళ్లు కూడా నీతోపాటు కదులుతారు, గుంపు వెడల్పవుతుంది, నీ జోరు తగ్గుతుంది. డీజిల్ ధార కూడా పక్కనున్న వేడిగాలిని తనలోకి లాక్కుంటూ, వెడల్పవుతూ నెమ్మదిస్తుంది. ఆ వేడికే చుక్కలు ఆవిరవుతాయి. నిండు లోడు మీద డీజిల్ ద్రవంగా ఉండి పోయే దూరం రెండు మూడు సెంటీమీటర్లు, అంతే. ఆ తర్వాత ముందుకు పోయేది ఆవిరీ గాలీ కలిసిన మేఘం. 1500 ఆర్‌పీఎం మీద క్రాంక్ 20 డిగ్రీలు తిరగడానికి పట్టేది రెండు మిల్లీసెకన్ల పైచిలుకు. ఇదంతా ఆ కాస్త సమయంలోనే జరిగిపోవాలి.

ప్రెషర్ పెంచితే డీజిల్ పోయి పిస్టన్‌కు కొడుతుందని మన షాపుల్లో ఒక మాట ఉంది. అమెరికాలోని సాండియా ప్రయోగశాలవాళ్లు 1990ల చివర్లో, కిటికీలున్న ఛాంబర్‌లోకి డీజిల్ కొట్టి, ఈ సంగతి కళ్లారా చూసి కొలిచారు. ద్రవం పోయే దూరం ప్రెషర్‌తో దాదాపు మారదని తేలింది. అది మారేది రంధ్రం సైజుతో. రంధ్రం ఎంత పెద్దదైతే ద్రవం అంత దూరం పోతుంది. ప్రెషర్ రెట్టింపు చేస్తే ఆవిరి మేఘం మొన మాత్రం, అదే సమయంలో, ఐదోవంతు ఎక్కువ దూరం పోతుంది.

కాబట్టి పికప్ కోసం పెద్ద రంధ్రాల నాజిల్ వేయమని ఓనర్లు అడిగితే ఒప్పుకోకు. నాలుగు రోజులు బండి బాగానే లాగుతుంది. తర్వాత పిస్టన్ తల మీదుండే గుంట, అదే గిన్నె, దాని అంచు కాలిపోతుంది, ఆ పేరు మెకానిక్ మీదికే వస్తుంది. రంధ్రాల్లో తీగ పెట్టి పొడవడం కూడా ఇలాంటి పనే. ఆ రంధ్రం అటూ ఇటూగా 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి అంచును ఎంతో కొలతగా నునుపు చేసి ఉంటారు. అది చెదిరితే ధార పక్కకు పోతుంది. కొనకు పట్టిన మసిని ఇత్తడి బ్రష్‌తో పైపైన తుడిస్తే చాలు.

ఇక నీ నల్లపొగ. మంట నాజిల్ కొన దగ్గర అంటుకోదు. కొంత దూరం వదిలి, ధార మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. ఆ ఖాళీ దూరంలో ధార ఎంత గాలిని లాక్కుంటే మసి అంత తగ్గుతుంది. లోపలి గాలి మరీ వేడిగా ఉంటే మంట నాజిల్ వైపు జరుగుతుంది, గాలి కలవడానికి చోటు తగ్గుతుంది, మసి పెరుగుతుంది. ఇప్పుడు మీ భూపాలపల్లి ఎండనూ బొగ్గు దుమ్మునూ తలుచుకో. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య దుమ్ము గడ్డకట్టిందంటే టర్బో నుంచి వచ్చే గాలి చల్లారదు. గాలి వేడిగా వస్తుంది, పలచగానూ వస్తుంది. రెండువైపులా నష్టమే. నాజిల్ కొత్తదైనా పొగ ఆగదు.

అందుకే నాజిల్ విప్పే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. దులిపి మళ్లీ వేస్తున్నారా, మారుస్తున్నారా అని డ్రైవర్‌ను అడుగు. హెల్పర్‌ను అడిగితే నిజం ఇంకా తొందరగా తెలుస్తుంది. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ పోయే హోసులు తడిమి చూడు. క్లాంపు దగ్గర నూనె, దుమ్ము కలిసి నల్లగా పేరుకుంటే అక్కడ గాలి లీకవుతున్నట్టే. ర్యాంపు మీద పోయేటప్పుడు టర్బో ఎంత ప్రెషర్‌తో గాలి తోస్తోందో బూస్ట్ గేజ్ పెట్టి చూడు. ఇవన్నీ బాగున్నాకనే పంపు టైమింగ్, అంటే డీజిల్ సరైన వేళకు కొడుతోందా అన్నది, ఆ తర్వాతే నాజిల్.

నాజిల్ బిగించేటప్పుడు ఒక విషయం గట్టిగా పట్టుకో. దాని కింది కాపర్ వాషర్. అది చిన్న వస్తువని ఎవరూ పట్టించుకోరు. పాత వాషర్ హెడ్‌లోనే అతుక్కుపోతుంది, చూడకుండా దాని మీద కొత్తది వేస్తారు. నాజిల్ కొన ఒక మిల్లీమీటర్ పైకి లేస్తుంది. గిన్నె లోపలికి పోవలసిన ధార అంచుకు తగిలి పైకి చెదురుతుంది. పలుచటి వాషర్ వేస్తే ఇదే తిరగబడి, ధార గిన్నె అడుగుకు కొడుతుంది. టెస్టర్ మీద ఇదేమీ కనిపించదు. ప్రతిసారీ రంధ్రంలో టార్చ్ వేసి పాత వాషర్ ఉందేమో చూడు, కొత్తదాని మందం మైక్రోమీటర్‌తో కొలువు, కంపెనీ చెప్పిన కొలతే వేయి. ఎప్పుడైనా హెడ్ విప్పితే పిస్టన్ తలలను తుడవకుండా ముందు ఫోటో తీసుకో. ధారలు తగిలిన గుర్తులు చుట్టూ సమానంగా ఉన్నాయా, ఒకవైపు జరిగాయా అన్నది అక్కడే తెలుస్తుంది.

చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చే తెల్లపొగకు భయపడకు. గాలి చల్లగా ఉంటే ద్రవం దూరం పోయి గోడలకు తగులుతుంది, కాలని డీజిలే పొగలా వస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా పోకపోతే అప్పుడు కంప్రెషన్, నాజిల్ కారడం చూడాలి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 కాలుష్య నియమాల బండ్ల సంగతి వేరు. వాటిలో కొన్నింటికి, సైలెన్సర్ వైపున్న డీపీఎఫ్ అనే మసి వడపోతలో చేరిన మసిని కాల్చడానికి, పిస్టన్ కిందికి దిగాక మరోసారి డీజిల్ కొడతారు. అప్పటికి లోపలి గాలి పలచబడి చల్లారి ఉంటుంది. ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడకు తగిలి ఇంజన్ ఆయిల్‌లోకి జారుతుంది. ఆ కాల్చే పని నడుస్తుండగా డ్రైవర్ మాటిమాటికీ ఇంజన్ ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి, ఆయిల్‌లో డీజిల్ ఇంకా చేరుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందంటే సంతోషించకు, వాసన చూడు. ఒకే పైపులో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నిలిపి అన్ని సిలిండర్లకూ పంచే కామన్ రైల్ బండ్ల ఇంజెక్టర్లను చేతి టెస్టర్ మీద పెట్టి తీర్పు చెప్పడం కూడా మానుకో. పాత నాజిల్ 200, 250 బార్ దగ్గర తెరుచుకునేది కాబట్టి టెస్టర్ సరిపోయింది. 1600, 2000 బార్‌తో పనిచేసేవాటికి టెస్ట్ బెంచ్ యంత్రం కావాలి, రిటర్న్, అంటే వెనక్కి తిరిగిపోయే డీజిల్, ఎంత వస్తుందో కొలవాలి.

వీడియోలో ఇంకోటి చూశాను, అది నచ్చలేదు. స్ప్రే ముందు వేలు పెట్టి చూపిస్తున్నావు. ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల డీజిల్ పాకి కండ చచ్చిపోతుంది, ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. మీ షాపులో ఎవరికైనా అలా జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టి కూర్చోవద్దు. సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు తీసుకుపోయి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయిందని నోటితో చెప్పాలి. కామన్ రైల్ పైపు లీకవుతుంటే చేత్తో తడమకు, అట్టముక్క పెట్టి చూడు. టెస్టర్ దగ్గర ఎవరినీ బీడీ ముట్టించనీయకు. డబ్బాలోని డీజిల్ తొందరగా అంటుకోకపోవచ్చు, మంచులా లేచిన డీజిల్‌కు నిప్పురవ్వ చాలు.

ఫిల్టర్, హోసులు, ఇంటర్‌కూలర్ చూసి ఫోటోలు పంపు. వాషర్ల మందం కూడా కొలిచి రాయి, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం. అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

మీ మామ