ఛాతీ పట్టేస్తుంటే చన్నీళ్ల స్నానం లాభాలు తర్వాత చూద్దాం

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, ఊరు కరీంనగర్. అయ్యప్ప మాల వేసుకుని మూడు వారాలైంది. రెండు పూటలా చన్నీళ్లతో తలస్నానం చేస్తున్నాను. ఒళ్లు తేలికైంది, హుషారుగా ఉంది. దీక్ష అయ్యాక కూడా కొనసాగిస్తే ఇమ్యూనిటీ పెరుగుతుందా? బరువు తగ్గుతానా? ఎంతసేపు చేస్తే మంచిది? ఆరోగ్యం బాగుందని బీపీకి వాడే అటెనొలాల్ మాత్ర పది రోజులుగా మానేశాను. నీళ్లు పోసుకోగానే ఛాతీ పట్టేసినట్టై కాసేపట్లో సర్దుకుంటుంది. అలవాటైతే అదే పోతుందంటున్నారు.

జవాబు: మీరు చివర్లో రాసిన విషయాలే నాకు టెన్షన్ పెడుతున్నాయి. మాత్ర మానేశారు, ఛాతీ పడుతోంది. ఇది చదివిన రోజే డాక్టర్‌ని కలిసి బీపీ చూపించుకోండి, ఈసీజీ తీయించుకోండి. అప్పటిదాకా చన్నీళ్లు ఆపండి.

చల్లటి నీళ్లు ఒక్కసారిగా మీద పడితే ఎవరికైనా ఊపిరి బిగుసుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ పైకి పోతుంది. గట్టి గుండె దీన్ని తట్టుకుంటుంది. గుండె రక్తనాళాల్లో పూడిక ఉంటే మాత్రం ఆ కాసేపు దానికి చాలినంత రక్తం అందక ఛాతీ పట్టేస్తుంది. దాన్నే యాంజైనా అంటాం. మీకున్నది అదేనని చూడకుండా చెప్పలేను, కాదని భరోసా కూడా ఇవ్వలేను. ఒక్క ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన గుండెకు ఏమీ లేదని అనుకోవద్దు. ఎకో (గుండె స్కానింగ్), అవసరమైతే ఇతర పరీక్షలు మీ డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇక మాత్ర సంగతి. దీక్షల సీజన్‌లో బీపీ, షుగర్ మందులు సొంతంగా ఆపేసి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. మీ మీద కోపం కాదు గానీ, ఎవరిని అడిగి ఆపారు? అటెనొలాల్ హఠాత్తుగా మానేస్తే బీపీ, గుండె వేగం ఎగబాకుతాయి. గుండె జబ్బు దాగి ఉన్నవారికి ఛాతీ నొప్పి ముదరవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాల్సి వస్తే డోసు మెల్లగా తగ్గిస్తాం. పైగా చలికాలంలో బీపీ మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో కూడా డాక్టరే చెప్పాలి. పది రోజుల బాకీ తీర్చినట్టు రెండేసి మింగకండి. షుగర్ మాత్రలు వాడుతూ ఒక్కపూటే భోంచేసే స్వాములు కూడా ముందే డోసు మార్పించుకోవాలి, లేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

మీరు అడిగిన లాభాలకు వస్తాను. నెదర్లాండ్స్‌లో 3 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వేడినీళ్ల స్నానం చివర్లో 30 నుంచి 90 సెకన్లు చన్నీళ్ల కింద నిలబడ్డవారు ఒంట్లో బాగాలేదని పెట్టిన సెలవులు 29 శాతం తగ్గాయి. జబ్బుపడ్డ రోజులు మాత్రం తగ్గలేదు. 30 సెకన్లకూ 90 సెకన్లకూ తేడా కూడా కనబడలేదు. తీవ్రమైన జబ్బులున్నవాళ్లను అందులో చేర్చుకోలేదు, అది గుర్తుంచుకోండి. హుషారు నిజమే, చలికి విడుదలయ్యే నోరెడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల మెలకువ వస్తుంది. బరువు విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మీ ఒళ్లు తేలికపడటానికి ఒంటిపూట భోజనం, మాంసం, మద్యం, సిగరెట్లకు దూరంగా ఉండటం ఎక్కువ కారణమై ఉండొచ్చు. దీక్ష తర్వాత కొనసాగించాల్సినవి అవే.

పరీక్షలయ్యాక డాక్టర్ సరేనంటే ముందు కాళ్లు, చేతులు తడుపుకుని, తల చివర్లో తడుపుకోండి. ఆస్తమా ఉన్నవారు, చల్లదనానికి దద్దుర్లు వచ్చేవారు కూడా అడిగే మొదలుపెట్టాలి. గోరువెచ్చని నీళ్ల గురించి గురుస్వామితో మాట్లాడండి, ఆరోగ్యం బాగాలేదంటే కాదనరనే అనుకుంటున్నాను.

శబరిమలలో పంబ నుంచి సన్నిధానం దాకా నీలిమల, అప్పాచిమేడు మీదుగా ఎక్కడం గుండెకు పెద్ద పరీక్షే. దారిలో అత్యవసర వైద్య కేంద్రాలు పెట్టింది అందుకే. డాక్టర్ అనుమతి లేకుండా ఇరుముడి కట్టుకోకండి. ఈలోగా ఛాతీ నొప్పి ఐదు నిమిషాలు దాటినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.